ప్రతివారమును ఒక మాత్ర

ఈ టపాకు మూలం నా చేతివ్రాతలోని ఒక చీటీ. అరచేతి వెడల్పు కాగితం. దాని మీద నల్లసిరాతో, బడిలో నల్లబల్ల మీద వ్రాసినంత శ్రద్ధగా నేను వ్రాసిన వాక్యం ఒక్కటే ఉన్నది: "ప్రతివారమును ఒక మాత్ర, భోజనానంతరము." ఎంత వెతికినా అందులో వ్యాకరణదోషం కనపడదు. ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పండితుడుగా జీతం తీసికొన్నవాడి వాక్యం అది. ఆ వాక్యమే మా అక్కయ్యను ఆసుపత్రి పాలు చేసింది.

2022లో జరిగిన సంగతి ఇది. మా అక్కయ్య నాకంటె ఎనిమిదేళ్ళు పెద్ద. మట్టెవాడలోనే, మా ఇంటికి రెండు సందుల అవతల ఉంటుంది. తెలుగు చక్కగా చదువుతుంది, ఆంగ్లం రాదు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోతుంటే డాక్టరుగారు మెథోట్రెక్సేట్ అనే మందు వ్రాశారు. ఈ మందు సంగతి తెలియనివారి కోసం ఒక్క మాట. కీళ్ళవాతానికి దీనిని వారానికి ఒక్కసారే వేసికోవాలి. రోజూ వేసికొంటే ఎముకల మూలుగలో రక్తకణాల తయారీ దెబ్బతింటుంది, నోరంతా పుండ్లు పడుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. డాక్టరుగారు చీటీ మీద ఆంగ్లంలో స్పష్టంగానే వ్రాశారు, నోటితోనూ చెప్పారు. దానిని అక్కయ్యకు తెలుగులో వ్రాసి ఇచ్చే పని నేనే తలకెత్తుకొన్నాను. ఇంట్లో పండితుడుండగా ఇంకొకరెందుకని.

ఆరోనాడు నేను వెళ్ళేసరికి అక్కయ్య మజ్జిగన్నం కూడా మింగలేకపోతున్నది. నోరంతా పూసింది. మాత్రల పట్టీ చూస్తే ఆరు గూళ్ళు ఖాళీగా ఉన్నవి. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి తెల్లకణాలు బాగా తగ్గినవన్నారు. ఫోలినిక్ ఆమ్లం అనే విరుగుడు ఇచ్చారు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నాము. బయటపడింది.

కొంచెం నోరు విప్పగలిగిన నాడు నేను అడిగాను, "అక్కయ్యా, వారానికి ఒకటే అని వ్రాశాను గదా, రోజూ ఎందుకు వేసికొన్నావు?" అని. ఆమె నావైపు చూసిన చూపు నాకింకా గుర్తున్నది.

"నువ్వే కదరా రాసిచ్చినవు ప్రతివారమూ అని! ఇవాళ ఏం వారం అంటే సోమవారం అంటాం. రేపు ఏం వారం అంటే మంగళవారం అంటాం. అన్ని వారాలూ వేసుకున్న. నీ చీటీ ప్రకారమే వేసుకున్న."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. వారమనే శబ్దానికి మొదటి అర్థం ఆమె చెప్పినదే. సంస్కృతంలో వారమంటే వంతు. సూర్యుడి వంతు వచ్చిన దినం ఆదివారం, చంద్రుడి వంతు సోమవారం. ఈ ఏడింటి కూటమికి కూడా వారమనే పేరు వాడుకలోకి వచ్చింది. దానికి సప్తాహమని వేరే మాట ఉన్నా మనం దానిని పురాణ కాలక్షేపాలకూ భజనలకూ వదలిపెట్టాము. అందువల్ల తెలుగులో ఏడింటిలో ఒకటీ వారమే, ఏడూ కలిపితేనూ వారమే. పంచాంగంలో తిథి వార నక్షత్రాలనేటప్పుడు ఒక అర్థం, వారపత్రిక అనేటప్పుడు ఇంకొక అర్థం.

అక్కయ్య మనసులో మొదటి అర్థమే గట్టిగా ఉండడానికి కారణం కూడా మా ఇంట్లోనే ఉన్నది. మా చిన్నతనంలో మా ఇంట్లో ఇద్దరు వారాలబ్బాయిలు తినేవారు. పల్లెల నుండి చదువు కోసం వచ్చి, రోజుకొక ఇంట భోజనం కుదుర్చుకొని చదువుకొనే పేదపిల్లలు. బుధవారం మాదని ఒకడు, ఆదివారం మాదని ఇంకొకడు. అమ్మ వంట చేస్తే వడ్డన అక్కయ్యది. కొత్తగా వచ్చిన పిల్లవాడిని "ఏ వారం తప్పిపోయిందిరా నీకు?" అని అడగడం ఆమె వినీ, అనీ పెరిగింది. ఒక వారం కుదరలేదంటే ఆ దినం ఆ పిల్లవాడు పస్తని అర్థం. అటువంటి మనిషికి ప్రతివారమును అని వ్రాసి ఇస్తే ఆమె ఏ వారాన్ని మాత్రం వదలిపెడుతుంది?

ఈ మందుతో ఈ పొరపాటు మా ఇంటికే పరిమితమైనది కాదని తరువాత చదివి తెలిసికొన్నాను. వైద్యప్రపంచమంతా ఎరిగిన ప్రమాదమే ఇది. ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2019లో దీని కోసమే కొత్త జాగ్రత్తలు ప్రకటించింది. ఆ దేశాలలో ఆంగ్లమూ, ఫ్రెంచీ, జర్మనూ చదివినవారే పొరబడుతున్నారు. అది విని నాకు ఓదార్పు కలుగలేదు. వారిలో చీటీని తప్పు చదివినవారున్నారు. మా అక్కయ్య సరిగా చదివి తప్పు చేసింది.

ఆమె ఇంకొక మాట కూడా అన్నది. "శనివారం శనివారం అని రాస్తే నాకు తెల్వదా?"

ఆ మాట మీద నేను చాలాకాలం ఆలోచించాను. ఇది మీకు పండితుల చాదస్తంగా తోచవచ్చు, అయినా వినండి. ఒక పదాన్ని రెండుసార్లు పలకవలసిన సందర్భాలను పాణిని అష్టాధ్యాయి చివరి అధ్యాయంలో రెండుగా చెప్పాడు. ఒకటి నిత్యం, అంటే ఒకే పని మళ్ళీ మళ్ళీ జరగడం. మనకు చెప్పి చెప్పి, తిరిగి తిరిగి అనడం అటువంటిది. రెండవది వీప్స, అంటే ఒక జాతికి చెందిన ప్రతి ఒక్కదానికీ వర్తింపజేయడం. ఇంటింటికీ, ఊరూరా, పూటపూటకూ అన్నవి ఇందులోకి వస్తవి. అక్కయ్య అన్న "శనివారం శనివారం" శుద్ధమైన వీప్స. అందులో సందేహానికి సందు లేదు. ప్రతి అనే ఉపసర్గతో నేను పెట్టిన సమాసం చూడటానికి గంభీరంగా ఉన్నది, వారమనే శబ్దంలోని రెండర్థాలను మాత్రం విడదీయలేకపోయింది. పాణినీయం పరీక్షకు చదివినవాడిని నేను, వాడినది ఆమె.

ఇక నా వృత్తి సంగతికి వస్తాను. నేను బడిలో ఏటా చెప్పించిన అభ్యాసాలలో పర్యాయపదాల పట్టిక ఒకటి. నిత్యం అన్న మాటకు పర్యాయపదాలు వ్రాయుము అంటే సతతం, సదా, అనవరతం, అనుదినం, ప్రతిదినం, ఎల్లప్పుడు అని పిల్లలు వ్రాసేవారు. నేను పూర్తి మార్కులు వేసేవాడిని. ఏది ఏ అర్థంలో వస్తుందని ఏ పిల్లవాడూ అడుగలేదు. అడిగితే చెప్పేవాడినో కాదో కూడా నాకు తెలియదు.

అమరకోశం ప్రథమకాండలో ఈ శబ్దాలన్నీ ఒక్కచోట గుమిగూడి ఉన్నవి. నిత్యం, సంతతం, అజస్రం, అవిరతం, అనిశం, సతతం, అశ్రాంతం, అనవరతం, అనారతం, మొత్తం తొమ్మిది. బాల్యంలో వల్లెవేసేటప్పుడు గమనించని విషయం ఒకటి ఇప్పుడు కనిపిస్తున్నది. వీటిలో అధికభాగం లేదు అని చెప్పే మాటలు. విరామం లేనిది అవిరతం. అలసట లేనిది అశ్రాంతం. రాత్రి అనే తెంపు లేనిది అనిశం. ఒక్కటి కూడా దినానికి ఒకసారి అని చెప్పదు. అవన్నీ ఆగకుండా సాగే వాటికి పెట్టిన పేర్లు. గోదావరి అవిరతంగా పారుతుంది, పాలవాడు అవిరతంగా రాడు. పాలవాడు రోజూ వస్తాడు.

కోశకారుడికి ఒకటిగా కనిపించినవి వైద్యుడికి ఒకటి కావు. చరకసంహితలో విషమజ్వరాలను అవి వచ్చే వేళను బట్టి అయిదుగా విడదీశారు. తెంపు లేకుండా కొన్ని రోజుల పాటు పట్టి ఉండేది సంతతం. ఒక అహోరాత్రంలో రెండుసార్లు వచ్చేది సతతం. దినానికి ఒకసారి వచ్చేది అన్యేద్యుష్కం. దినం తప్పించి దినం వచ్చేది తృతీయకం, రెండు దినాలు తప్పించి వచ్చేది చాతుర్థికం. చూడండి, అమరంలో ప్రక్కప్రక్కన కూర్చొని ఒకటే అర్థమనిపించుకొన్న సంతత సతతాలు వైద్యుడి దగ్గరకు వచ్చేసరికి రెండు వేరు వ్యాధులైపోయినవి. కవికి ఛందస్సు కోసం ఏదైనా సరిపోతుంది. వైద్యుడు మాట మారిస్తే చికిత్స మారిపోతుంది. నేను చీటీ వ్రాసిన నాడు వైద్యుడి పనిని కవి పద్ధతిలో చేశాను.

ఆ తృతీయకంలో ఇంకొక చిక్కున్నది. దినం విడిచి దినం వచ్చే జ్వరానికి మూడవదని పేరెందుకు? జ్వరం వచ్చిన నాటిని కూడా కలిపి లెక్కించడం వల్ల. ఆంగ్ల వైద్యంలోనూ ఆ మలేరియా జ్వరానికి మూడవదనే అర్థం వచ్చే పేరే ఉన్నది. రెండు వారాలకొకసారి అనడానికి మనం పదిహేను రోజులకొకసారి అంటాము, ఫ్రెంచివారూ అట్లాగే అంటారు. వేళ్ళు మడిచి లెక్కబెట్టినవాళ్ళంతా ఈ రోజును కూడా కలుపుకొంటారు. గడియారం చూసి లెక్కబెట్టేవాళ్ళు కలుపుకోరు. "మూడు రోజుల తరువాత రండి" అన్న డాక్టరు మాటకు నాలుగవ నాడు వెళ్ళాలా, మూడవ నాడు వెళ్ళాలా అన్న తగాదా మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు.

నిత్యం తిన్నగా దినానికి ఒకసారి అనే అర్థంలోకి ఎట్లా దిగివచ్చిందో కూడా చెప్పుకోవాలి. నిత్యమంటే నాశనం లేనిదని మాత్రమే అనుకోవద్దని పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికంలోనే హెచ్చరించాడు. ఎప్పుడు చూసినా నవ్వే మనిషినీ, ఎప్పుడూ వదరే మనిషినీ కూడా నిత్యశబ్దంతోనే వ్యవహరిస్తారని, మాటిమాటికీ చేయడం కూడా నిత్యమేనని ఆయన అభిప్రాయం. ఆ గ్రంథంలోని భాగాలకు ఆహ్నికాలని పేరుండటం ముచ్చటైన సంగతి. అహస్సు అంటే దినం, ఒక దినానికి సరిపడే పాఠం ఆహ్నికం. తరువాత మన వ్యాకరణాలలో నిత్యమంటే తప్పనిసరి అని అర్థం. 1858 నాటి బాలవ్యాకరణం చదివినవారికి ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం, అత్వసంధి బహుళం అన్న విభాగం తెలిసినదే.

మీమాంసకుల దగ్గర ఇంకా పదునుగా ఉన్నది. కర్మలు మూడు: నిత్యం, నైమిత్తికం, కామ్యం. సంధ్యావందనం నిత్యం. గ్రహణస్నానం నైమిత్తికం, అంటే కారణం వచ్చినప్పుడే. కోరిక ఉంటే చేసేది కామ్యం. అక్కయ్య మందుల డబ్బా ముందు పెట్టుకొని చూస్తే అందులో మూడూ కనిపించినవి. రక్తపోటు మాత్ర నిత్యం. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వేసికొనేది నైమిత్తికం. మేనల్లుడు పంపిన విటమిను గోళీలు కామ్యం. అవి లేకపోయినా పోయేదేమీ లేదు.

నిత్యకర్మకు శాస్త్రం చెప్పిన లక్షణం ఒకటున్నది. చేస్తే విశేషఫలం లేదు, చేయకపోతే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం చుట్టుకొంటుంది. ఇది నేటి వరంగల్లులో ఎవరికి బాగా అర్థమవుతుందంటే, డైలీ ఫైనాన్సులో అప్పు తెచ్చి కూరగాయల బండి పెట్టుకొన్నవారికి. మన వైపు దీనిని గిరిగిరి అని కూడా అంటారు. సాయంకాలం కాగానే బండి మీద మనిషి వస్తాడు, చిన్నపుస్తకంలో గీత పెట్టి డబ్బు తీసికొని పోతాడు. వానైనా, పండుగైనా, బోణీ కాకపోయినా రావడం మానడు. కట్టినందుకు పుణ్యమేమీ లేదు. కట్టకపోతే ప్రత్యవాయం. డైలీ అనే ఆంగ్లపదం మన భాషలో తన సంపూర్ణార్థంతో బ్రతుకుతున్న చోటు నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఎందుకంటే మిగిలిన చోట్ల డైలీ అన్నది పేరుకే. డైలీ సీరియలు సాధారణంగా ఆదివారం రాదు. డైలీ సర్వీసు బస్సు సమ్మె నాడు రాదు. "డైలీ వాకింగు చేస్తాను" అన్న మిత్రుడు వానకాలమంతా చేయడు. "డైలీ రోజూ" అనేవారిని కూడా విన్నాను. మొదటి మాట బలం చాలక రెండవది తోడు తెచ్చుకొంటారు కాబోలు. పరభాషాపదమని నాకు దీనిమీద కోపం లేదు. కోపం తెచ్చుకొనే హక్కు తెలుగువాడికి లేదు. మన రోజు ఎక్కడిది? పారశీకపు రోజ్. బ్రౌను దొర 1852 నాటి నిఘంటువులో దానికి హిందూస్తానీ ముద్ర వేశాడు. ప్రతిరోజూ అన్న మాటను నిలబెట్టి చూడండి: తల సంస్కృతం, మొండెం పారశీకం, తోక తెలుగు. మండీబజారులో రంజాను నెల పాటించే మా మిత్రుల రోజా కూడా ఆ రోజ్ బిడ్డే. మన సంగీతంలో నవరోజు రాగం పేరు విన్నప్పుడు ఇరానువారి సంవత్సరాది ఎవరికైనా తోచిందా? కలిసిపోయిన మాట కలిసిపోయినదే.

కలిసిపోయినా ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి పోలేదు. మన భాషలో నాకు అబ్బురంగా తోచేది ఇది. దినపత్రిక అంటాము, రోజుపత్రిక అనము. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో వారానికి రెండుసార్లు వచ్చేటట్లు మొదలుపెట్టిన గోలకొండ పత్రిక 1947లో దినపత్రిక అయింది. రోజుకూలీ అంటాము, నిత్యకూలీ అనము. నిత్యావసర వస్తువులు అంటాము, దైనందిన జీవితమంటాము, ఆ విశేషణాలను తారుమారు చేస్తే చెవికి గుచ్చుకొంటుంది. దినదినగండంలో పెరుగుతున్న భయం ఉన్నది. నిత్యకల్యాణం పచ్చతోరణంలో తరగని సంపద ఉన్నది. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవారెవరు అన్నప్పుడు విసుగు ఉన్నది. ఈ మూడింటిలోనూ డైలీ పెట్టి చూడండి, ఒక్కటీ నిలబడదు.

అనుదినం అనే మాట మాత్రం మా తరం చూస్తుండగానే చర్చి ప్రాంగణంలోకి చేరుకొన్నది. ప్రభువు ప్రార్థనలోని అనుదినాహారం వల్లనే అనుకొంటాను. కాజీపేటలో నాతో పనిచేసిన ఒక క్రైస్తవ ఉపాధ్యాయమిత్రుడు చెప్పగా విని, తరువాత చదివి నిర్ధారించుకొన్న సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆ ప్రార్థన గ్రీకుమూలంలో దినదినం అనే అర్థంలో ఉన్న పదం ఎపియూసియోస్. ఆ పదం ఈ ప్రార్థనలో తప్ప వేరేచోట దాదాపు కనపడదు. అందువల్ల దాని అర్థమేమిటని తొలినాటి నుండి తర్జనభర్జనలే. నాలుగవ శతాబ్ది చివర లాటిను సువార్తలను సవరించిన జెరోము అదే పదాన్ని లూకా సువార్తలో దినదినమని, మత్తయి సువార్తలో ద్రవ్యానికి అతీతమైనదని రెండు విధాలుగా అనువదించాడు. కోట్లమంది దినదినం చెప్పుకొనే ప్రార్థనలో దినదినం అన్న మాటే సందిగ్ధం! అది తెలిసిన తరువాత నా చీటీ మీద నాకు కొంచెం జాలి కలిగిందని ఒప్పుకొంటాను.

కాని ఆ జాలికి నేను అర్హుడిని కాను. నా ఎర్రసిరా సంగతి మీకు చెప్పలేదు. మా వరంగల్లు పిల్లలు వ్యాసంలో "మేము దినాం బావికాడికి పోతం" అని వ్రాసేవారు. దినాం కింద గీత గీసి, అంచులో ప్రతిదినము అని దిద్దేవాడిని. ఎన్ని దినాంలు కొట్టివేశానో లెక్కలేదు. ఈ మాటను మా అమ్మ వాడింది, అక్కయ్య వాడుతుంది, ఇంట్లో నేనూ వాడేవాడిని. ఒక్క మాట, రెండక్షరాలు, అర్థం ఒక్కటే: ఏ దినమూ తప్పకుండా. దానిని కొట్టివేసి అయిదక్షరాల సంస్కృతపదాన్ని అతికించాను. ఆ పిల్లలిప్పుడు నలభై, యాభై ఏళ్ళవారు. దారిలో కనిపిస్తే నమస్కరించి మాట్లాడతారు. వారి నోట ప్రతిదినము లేదు. దినాం కూడా అరుదైపోయింది. డైలీ ఉన్నది. వాళ్ళ మాటను నేను తప్పన్నాను, నా మాట వాళ్ళకు అతకలేదు, ఖాళీ అయిన చోటికి మూడవది వచ్చి కూర్చొన్నది. దీనికి ఆంగ్లాన్ని నిందించడం తేలిక.

మందుల దుకాణంలో పనిచేసే ఒక అబ్బాయితో ఈ సంగతి మాట్లాడాను. "సార్, దినాం అంటే ముసలివాళ్ళకే తెలుస్తది, నిత్యం అంటే ఎవ్వరికీ తెల్వదు, డైలీ అంటే అందరికీ తెలుస్తది" అన్నాడు. సగం నిజమే. డైలీ అందరికీ తెలుస్తుంది, దినానికి ఎన్ని అన్నది దానితో తెలియదు. అతడు అట్ట మీద 1-0-1 అని వేస్తాడు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని అర్థం. మా పక్కింటి పెద్దావిడ దానిని నూటొకటి అని చదివి బెంబేలెత్తిన మాట వాస్తవం.

ఆంగ్లం మాట్లాడే దేశాలలోనే ఈ పొట్టి గుర్తులతో విసిగిపోయారు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని సంక్షేపాల జాబితా ఒకటి ప్రకటించింది. రోజుకు ఒకసారి అనడానికి వ్రాసే క్యూ.డి., దినం విడిచి దినం అనడానికి వ్రాసే క్యూ.ఓ.డి. రెండూ అందులో ఉన్నవి. కలం చుక్క అటూఇటూ పడితే ఒకటి ఇంకొకటిగా కనిపిస్తుందని, మాటను పూర్తిగా వ్రాయమని నియమం. మన దేశంలో రోజుకొకసారి అనడానికి డాక్టర్లు ఓ.డి. అని వ్రాస్తారు. కంటివైద్యంలో ఆ రెండక్షరాలకే కుడికన్ను అని అర్థం.

మరి మనమేం వ్రాయాలి? ఇక్కడ నా అభిప్రాయం ఒకటే. మందు చీటీ మీద సంస్కృతమూ వద్దు, సంక్షేపమూ వద్దు. మనుషులు కాలాన్ని దేనితో కొలుస్తున్నారో ఆ మాటే వ్రాయాలి. తెలుగువాడి కొలత మొదటినుండీ దినం కంటె చిన్నది. అది పూట. పూట గడవడం అంటాము, రెండు పూటలా తినడం అంటాము, వేసవిలో ఒంటిపూట బడి అంటాము. పూటకొకటి అంటే అన్నంతో ముడిపడిన లెక్క, మరచిపోవడం కష్టం. ఆ పైన పొద్దు ఉన్నది, నాడు ఉన్నది. మా చిన్నతనంలో మా పొద్దుకు కొలత ఆజంజాహి మిల్లు కూత. 1934లో పెట్టిన ఆ మిల్లు ఇప్పుడు లేదు. అప్పట్లో గడియారం లేని ఇల్లు కూడా ఆ కూతతో లేచేది, ఆ కూతతో పొయ్యి వెలిగించేది. మందు వేళను కూతతో చెప్పి ఉంటే మా వాడలో ఎవరూ తప్పేవారు కాదు.

మూడు నెలల తరువాత డాక్టరుగారు అదే మందును తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టారు. చీటీ వ్రాయబోతూ నేను అక్కయ్యను అడిగాను, "నువ్వే చెప్పు, ఎట్లా వ్రాయమంటావు?" అని. ఆమె ఆలోచించలేదు. "శనివారం ఒక్కపొద్దు ఉంటాను కదరా. యాభై ఏండ్ల సంది ఉంటున్న. ఒక్క శనివారం తప్పలేదు, ఒక్క శుక్రవారం పొరపాటున ఉండలేదు. ఒక్కపొద్దు నాడు అని రాయి." డాక్టరుగారిని అడిగితే శనివారమైతే తనకేమీ అభ్యంతరం లేదన్నారు.

ఆమె చెప్పగా వ్రాశాను. శనివారం శనివారం, ఒక్కపొద్దు నాడు, ఒకటే గోళీ. దాని కింద ఇంకొక వరుస కావాలన్నది. తక్కిన దినములయందు వలదు అని నా చేయి మొదలుపెట్టబోతుంటే ఆపి, "దినాం వేసుకోవద్దు అని రాయి" అన్నది. వ్రాశాను. నా దస్తూరిలో ఆ మాట, కొట్టివేత లేకుండా, అదే మొదటిసారి.

ఆ కొత్త చీటీ మందుల డబ్బా మూతకు అంటించి ఉన్నది. పాతదానిని చింపివేస్తానంటే ఆమె ఇవ్వలేదు. "అక్షరాలు మంచిగున్నయి" అని పంచాంగంలో గుర్తుగా పెట్టుకొన్నది. ఇవాళ ఏం వారమని చూడటానికి ఆ పేజీ తీసినప్పుడల్లా నాకది కనపడుతుంది.